రహీమ్ మాస్టారి లెక్క



తెల్లవారుజామున అయిదింటికి మార్కాపురంలో ఏ కాలేజీ గ్రౌండ్ పక్కగా నడిచినా చీకట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. గిద్దలూరులో, కంభంలో, యర్రగొండపాలెంలో కూడా ఇంతే. కానిస్టేబుల్ ఉద్యోగానికో సైన్యానికో సిద్ధమవుతున్న పిల్లలు. కొందరికి బూట్లు ఉంటాయి, కొందరికి ఉండవు. చేతిలో సెల్‌ఫోన్ పట్టుకొని సెకన్లు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తుతుంటారు. వాళ్లలో మన సంఘాల పిల్లలు ఎంతమందో కాపరులందరికీ తెలుసు, ఆదివారం ప్రార్థన మనవుల్లో సగం వాళ్ల పేర్లే.

కొన్నేళ్ల క్రితం మాకు తెలిసిన ఒక కుటుంబంలోని అబ్బాయి రాతపరీక్ష గట్టెక్కాడు. తండ్రి పలకల పనిలో దుమ్ము పీల్చి పీల్చి దగ్గు తెచ్చుకున్న మనిషి. దేహదారుఢ్య పరీక్షకు నెల గడువుంది. ఆ నెలంతా అబ్బాయి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి 1600 మీటర్లూ ఉన్న శక్తంతా పెట్టి పరుగెత్తాడు. మూడో వారానికి మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి మొదలైంది. నొప్పి మాత్ర వేసుకొని మళ్లీ పరుగెత్తాడు. ఇంకా గట్టిగా ప్రయత్నించమని భుజం తట్టి ప్రోత్సహించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. పరీక్ష రోజున మూడో రౌండ్‌లో కుంటుతూ ఆగిపోయాడు. ఇంట్లో గడియారం పెట్టుకొని పరుగెత్తినప్పుడు అతను ఆ దూరాన్ని ఎన్నోసార్లు గడువులోపే ముగించాడు. ఒక్క ఆ రోజున మాత్రం ముగించలేకపోయాడు.

తర్వాత ఒక పాత వ్యాయామ ఉపాధ్యాయుడితో ఈ సంగతి చెబితే ఆయన నన్నే తప్పుపట్టాడు. ఆ అబ్బాయి నెల రోజులు రోజుకు రెండు పరీక్షలు రాశాడు తప్ప ఒక్కరోజూ చదువుకోలేదని ఆయన మాటల సారాంశం. నిజమే. ఆయన పుణ్యమా అని హైదరాబాద్ ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితాన్ని శ్రద్ధగా చదివాను. 2024లో హిందీలో వచ్చిన మైదాన్ సినిమా వల్ల ఆయన పేరు ఇప్పటి పిల్లలకూ కొంత తెలుసు. ఈ పేజీలో ఒక ముస్లిం ఉపాధ్యాయుడి గురించి రాయడమేమిటని అడిగే పెద్దలు ఉంటారు. మన తెలుగు నేల మీద, డబ్బూ వసతులూ లేనిచోట, కుర్రవాళ్లను అసలు రోజుకు సిద్ధం చేయడం ఎలాగో ఆయనంత బాగా తెలిసినవారు నాకు ఇంకొకరు కనబడలేదు. అందుకే రాస్తున్నాను.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. వృత్తి బడిపంతులు పని. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా చేరి, చనిపోయేదాకా ఆ బాధ్యతలో ఉన్నారు. అదే కాలంలో భారత జట్టునూ తీర్చిదిద్దారు. ఆటగాళ్లంతా ఆయన్ను రహీమ్ సాబ్ అనే పిలిచేవారు. నాకైతే మాస్టారు అనాలనిపిస్తుంది. ఆయన చేసిందంతా బడిపంతులు చేసే పనే.

బడిపంతులు ఏం చేస్తాడు? జూన్‌లో బళ్లు తెరిచిన రోజే పబ్లిక్ పరీక్ష పెట్టడు. ముందు గుణింతాలు, తర్వాత వాక్యాలు, చివర్లో నమూనా పరీక్షలు, పరీక్ష ముందురోజు త్వరగా పడుకోమని చెప్పడం. రహీమ్ మైదానంలో చేసింది కూడా అదే. హైదరాబాద్‌లో ఆయన పిల్లలకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలితో నెట్టుకుంటూ ఒంటరిగా ముందుకు పోకూడదు, అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. మరో పోటీలో అలవాటున్న కాలితో తన్నకూడదు, చేతకాని కాలితోనే ఆడాలి. ఎత్తును బట్టి విడదీసి, పొట్టి పిల్లలకు పొట్టి పిల్లలతోనే పోటీ పెట్టేవారు. చూసేవాళ్లకు ఇదంతా ఆటలా ఉండదు, నవ్వులాటలా ఉంటుంది. ఎడమకాలితో తన్నలేక బోర్లా పడే పిల్లవాణ్ణి చూసి ఎవరైనా నవ్వుతారు. అయితే ఆ పోటీల్లో ఎవరు గెలిచారన్నది ఆయనకు ముఖ్యం కాదు. ఏళ్ల తర్వాత ఎక్కడో పెద్ద ఆటలో బంతి ఎడమకాలి వైపు వచ్చినప్పుడు ఆ కుర్రవాడు తడబడకూడదు, అంతే.

మెట్టపొలం రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వేసవి దుక్కిలో ఒక్క గింజా చేతికి రాదు. ఎండలో నాగలి ఎందుకని ఎవరైనా అడిగితే రైతు నవ్వి ఊరుకుంటాడు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ అనే ఊళ్లో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. స్థానిక పోటీల్లో అతని ఆట రహీమ్ కంట పడింది. రోజూ హైదరాబాద్ వచ్చి సాధన చేసే స్తోమత ఆ కుర్రవాడికి లేదు. అద్దె సైకిల్‌కు డబ్బు రహీమ్ తానే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరామే తర్వాత భారత జట్టు తరఫున రెండు ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. మన ప్రాంతంలో ఎంతమంది బలరాంలకు సైకిల్ అద్దె దొరక్క ఆట ఆగిపోయిందో నాకు తెలియదు గానీ, లెక్క చిన్నది మాత్రం కాదు.

పోలీస్ జట్టు విజయాలు త్వరగానే వచ్చాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు గెలిచారు. డ్యూరాండ్ కప్ కూడా ఆయన హయాంలో నాలుగుసార్లు వచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. కోచ్ రహీమే.

ఇక్కడితో కథ ఆపేస్తే చక్కగా ఉంటుంది. కానీ మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్. చలిదేశం. మన ఆటగాళ్లలో చాలామందికి బూట్లు వేసుకొని ఆడే అలవాటు లేదు, వట్టికాళ్లతోనే దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మొదటి ఆటలోనే ఇంటిముఖం పట్టారు. దేశమంతా తలదించుకుంది. ఢిల్లీ ఎండలో శిఖరాన నిలిచిన జట్టు పదహారు నెలల తర్వాత మంచుగాలిలో కుప్పకూలింది. శిఖరం చేరిన మనిషి అక్కడే ఉండిపోడు, ప్రతి పోటీకి ఆ పోటీ జరిగే చోటును బట్టి, కాలాన్ని బట్టి, మళ్లీ కింది నుంచి ఎక్కి రావాలి. హెల్సింకీ చెప్పింది ఇదే. ఆ ఓటమి తర్వాత అంతర్జాతీయ పోటీలకు బూట్లు తప్పనిసరి చేశారు. ఇంకో చిక్కు కూడా ఉండేది. ఆ రోజుల్లో మన దేశంలో పోటీలు ఎక్కువగా 70 నిమిషాలకే ముగిసేవి, బయట ఆట 90 నిమిషాలు. డెబ్భయ్యో నిమిషానికి అలసిపోవడం అలవాటైన శరీరానికి మిగతా ఇరవై నిమిషాలు కొండెక్కడమే. అది ఉత్సాహంతో పూడే లోటు కాదు. నెలల తరబడి ఊపిరిని, కాళ్లను పెంచుకోవాలి.

నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హంగరీ తప్పుకోవడంతో మన జట్టు మొదటి రౌండ్ ఆడకుండానే దాటింది. తర్వాత ఆస్ట్రేలియాను దాని సొంత నేల మీదే 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్‌లో ఎదురైంది మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడారు, కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడారు. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనది. పది గోల్స్ తిన్న చోట నాలుగు గోల్స్ తినడం గొప్పా అని అడగవచ్చు. మార్కుల పట్టిక చూసే తల్లిదండ్రులు కూడా అలాగే అడుగుతారు. నా మట్టుకు రహీమ్ జీవితంలో 1951 బంగారం కంటే ఈ నాలుగో స్థానమే ఎక్కువ అనిపిస్తుంది.

ఆయన పని తీరును వివరించే సిద్ధాంతం అప్పటికి పుస్తక రూపంలో స్థిరపడలేదు. సోవియట్ పండితుడు లెవ్ మత్వేయెవ్ 1960ల మధ్యలో దాన్ని క్రమబద్ధంగా రాశాడు. ఏడాదిని భాగాలు చేయాలి. మొదటి భాగంలో పని ఎక్కువ, వేగం తక్కువ. అంటే నెమ్మదైన దూరపు పరుగు, కండబలం. రెండో భాగంలో పోటీకి దగ్గరైన పని, వేగం పెరుగుతుంది, దూరం కొంత తగ్గుతుంది. మూడోది పోటీ కాలం. ఆ తర్వాత విశ్రాంతి. శరీరం బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు. పరుగు వల్ల అది అలసి తగ్గుతుంది, నిద్రలోనూ విశ్రాంతిలోనూ కోలుకొని మునుపటికంటే కాస్త పైకి లేస్తుంది. కోలుకోకముందే మళ్లీ దెబ్బ కొడితే రోజురోజుకీ కిందికే దిగుతుంది. పోటీకి ముందు పది, పద్నాలుగు రోజులు పరుగు మొత్తాన్ని దాదాపు సగానికి తగ్గించాలి, వేగాన్ని మాత్రం తగ్గించకూడదు. మా అబ్బాయి సరిగ్గా ఆ పద్నాలుగు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ పరుగెత్తాడు.

ఇదేమీ నిన్నమొన్నటి తెలివి కాదు. ఒలింపియాలో పోటీ చేసేవాళ్లు పది నెలలు సాధన చేశామని ప్రమాణం చేయాలని గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. కొరింథు పక్కనే రెండేళ్లకోసారి ఇస్త్‌మియా క్రీడలు జరిగేవి. ఆ ఊళ్లో ఏడాదిన్నర కాపురమున్న అపొస్తలుడు పౌలు పరుగుపందెం ప్రస్తావన తెచ్చినప్పుడు వినేవాళ్లకు ఆ పది నెలల కష్టం కళ్లముందు కదిలి ఉంటుంది. ఫిలొస్ట్రాటస్ అనే మరో గ్రీకు రచయిత నాలుగు రోజుల చక్రం గురించి రాశాడు. ఒకరోజు సన్నాహం, ఒకరోజు తీవ్ర సాధన, ఒకరోజు సడలింపు, ఒకరోజు మధ్యస్థం. ఆ చక్రాన్ని అతను మెచ్చుకోలేదు. ఒలింపియాలో గెలిచి, విందులు చేసుకొని, ఒంట్లో బాగాలేకుండా వచ్చిన ఒక మల్లుడి చేత అతని గురువు చక్రం ప్రకారమే కఠిన సాధన చేయించాడట. ఆ మల్లుడు సాధనలోనే ప్రాణం విడిచాడు. ఎదుట నిలబడ్డ మనిషిని చూడకుండా కాగితాన్ని చూసే గురువు ఏ కాలంలోనైనా ప్రమాదమే.

రహీమ్ కాగితం మనిషి కాదని జకార్తాలో తేలింది.

మధ్యలో 1960 రోమ్ ఒలింపిక్స్ ఉంది. హంగరీతో 2-1తో ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 సమం, పెరూతో 3-1 ఓటమి. పతకం లేదు గానీ పెద్ద జట్ల ఎదుట తలవంచని ఆట. ఆ బృందంలో రహీమ్ కొడుకు హకీమ్ కూడా ఉన్నాడు. ఆ తర్వాత లక్ష్యం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ చేరింది. సిగరెట్లు బాగా కాల్చే మనిషి. ఈ మాట దాచి రాయడం నాకు ఇష్టం లేదు. ఇతరుల ఊపిరిని అంత జాగ్రత్తగా పెంచిన మనిషి తన ఊపిరిని కాపాడుకోలేదు.

జకార్తాలో పది రోజుల వ్యవధిలో అయిదు ఆటలు ఆడాలి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. రెండో ఆటలో థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచారు గానీ, వెనకభాగానికి గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. ఆట మధ్యలో మనిషిని మార్చుకునే వెసులుబాటు ఆ రోజుల్లో లేదు. మూడో ఆటలో జపాన్‌ను జర్నైల్ లేకుండానే 2-0తో ఓడించారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో పడుకున్నాడు. బయట పరిస్థితి మరీ ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవరాదని ఒలింపిక్ సంఘంలోని భారతీయుడు సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో ఊరు ఊరంతా మన దేశం మీద మండిపడింది. భారత రాయబార కార్యాలయం మీద గుంపులు దాడి చేశాయి. మన జట్టు మైదానంలో అడుగుపెడితే చాలు, అరుపులు, ఎగతాళి.

ఇలాంటప్పుడు భయపడిన కోచ్ రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. గాయపడ్డవాణ్ణి పక్కన పెట్టేస్తాడు, లేదా ఏమీ జరగనట్టు పాతచోటే నిలబెడతాడు. రహీమ్ మూడో దారి చూశారు. కుట్లున్న తలతో వెనక నిలబడి గాలిలో వచ్చే ప్రతి బంతినీ అడ్డుకోవడం జర్నైల్‌కు కష్టం. అతని బలం, ధైర్యం మాత్రం ఎక్కడికీ పోలేదు. అతన్ని ముందువరుసలో దాడికి పంపారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా, మొదటి రోజు ఓడించిన జట్టు. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకు వ్యతిరేకం. ఫైనల్‌కు ముందు రహీమ్ తన ఆటగాళ్లను పిలిచి, తనకు ఒక కానుక కావాలని, రేపటి బంగారమే ఆ కానుకని అడిగారట. ఆయన జబ్బు ఎంత ముదిరిందో జట్టులో చాలామందికి తెలియదు.

పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో కట్టు కట్టిన తలతో జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. జ్వరం నుంచి లేచి వచ్చిన తంగరాజ్ గోల్ ముందు నిలబడ్డాడు. కొరియా ఆఖర్లో ఒక గోల్ తిరిగి కొట్టింది, అంతకుమించి సాధించలేదు. 2-1. ఆ పదకొండు మందిలో బలరాం ఉన్నాడు. అమ్ముగూడ నుంచి అద్దె సైకిల్ మీద వచ్చిన బలరామే.

మొదటి ఆటలో 2-0తో ఓడిన జట్టు పది రోజుల తర్వాత అదే ప్రత్యర్థిని ఎలా ఓడించింది? పది రోజుల్లో ఎవరికీ కొత్త బలం రాదు. ఉన్న బలం పోకుండా, ఉన్నవాళ్లను ఉన్న స్థితిలోనే ఎక్కడ నిలబెట్టాలో తెలుసుకోవడం ఒక్కటే ఆ పది రోజుల్లో సాధ్యం. మిగతాదంతా అంతకు ముందే, ఎడమకాలితో తన్నమన్న రోజుల్లోనే జరిగిపోయింది.

రహీమ్ తిరిగి కోలుకోలేదు. 1963 జూన్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53. జకార్తా తర్వాత నిండా ఏడాదైనా బతకలేదు. 1970లో మన జట్టు ఆసియా క్రీడల కాంస్యం తెచ్చింది. బంగారం మాత్రం ఆ తర్వాత నేటిదాకా రాలేదు.

కుంటుతూ ఆగిపోయిన మా అబ్బాయి సంగతి చెప్పాలి కదా. ఏడాది పాటు గ్రౌండ్ వైపు వెళ్లలేదు, కందిచేలో తండ్రికి సాయం చేస్తూ ఉండిపోయాడు. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టాడు. పాత వ్యాయామ ఉపాధ్యాయుడే ఇంట్లో ఉన్న ఒక పాత పలక మీద గళ్లు గీసి ఇచ్చాడు. మొదటి రెండు నెలల గళ్లలో నెమ్మది పరుగు అనే మాట ఒక్కటే ఉంది, పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా. మూడో నెలలో వారానికి రెండు రోజులు వేగం. చివరి రెండు వారాల గళ్లు దాదాపు ఖాళీ. ఆ ఖాళీ గళ్లను చూసి తల్లి కంగారుపడింది. పరీక్ష దగ్గర పడ్డాక కొడుకు ఇంట్లో కూర్చుంటాడా అని నన్ను అడిగింది. కూర్చోనివ్వమ్మా అని చెప్పాను. వచ్చే నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఈ ఉదయం చీకట్లో అతను నా పక్క నుంచే వెళ్లాడు, ఎదురొచ్చిన వాళ్లందరినీ పలకరిస్తూ, నడిచినంత నెమ్మదిగా పరుగెత్తుతూ.